వజన్ కాకా పోగొట్టిన తొమ్మిది సెంట్లు

మా కార్ఖానాలో నాకు ఎదురుగా పందొమ్మిదేళ్ళ పాటు కూర్చున్న మనిషి పేరు ఓధవ్‌జీ గోటీ. గుజరాత్‌లో మా కాఠియావాడు వైపు చిన్నాన్నని కాకా అంటాం కాబట్టి అందరికీ ఓధవ్‌జీ కాకా. సూరత్‌లో మా వరాఛా రోడ్డు మొత్తానికి మాత్రం వజన్ కాకా. అంటే బరువు కాకా అన్నమాట. మనిషి చూస్తే నలభై అయిదు కిలోలకి మించడు. ఆ పేరు ఒంటిని చూసి పెట్టింది కాదు, ముప్పై ఆరేళ్ళు చక్రం ముందు కూర్చుని సంపాదించుకున్నది. చివరికి ఆ పేరే ఆయనకి గొంతులో ముల్లయింది.

రాయిని సానపట్టే బల్లని మేం ఘంటి అంటాం. మధ్యలో ఇనుప చక్రం తిరుగుతూ ఉంటుంది, చుట్టూ నలుగురు కూర్చుని ఎవరి రాయి వాళ్ళు ఆనించి అరగదీస్తుంటారు. నేను వజ్రానికి తల చేస్తాను, అంటే పైభాగం. కాకా అడుగు చేసేవాడు, అంటే కిందికి మొన తేలే భాగం. ఉంగరం పెట్టుకున్నాక లోకం చూసేది తలనే కదా, పేరు నాది చాకిరీ మీది అని ఆయన్ని ఏడిపించేవాణ్ణి.

“అడుగు బాగోకపోతే నీ తల ఎవడు చూస్తాడ్రా లాల్జీ. గాజు పెంకు అంటారు,” అనేవాడు ఆయన, కళ్ళు ఎత్తకుండానే.

ఆ మాట అన్నవాడే అడుగు విషయంలో ఏం చేసేవాడో చెబుతాను. వజ్రం అడుగు ఎంత వాలుగా ఉండాలో దానికో లెక్క ఉంది. ఆ లెక్కలో చేస్తే పైనుంచి దిగిన వెలుగు అడుగున తగిలి తిరిగి పైకే వచ్చి కంట్లో పడుతుంది. కాస్త నిటారుగా, లోతుగా వదిలేస్తే వెలుగు కిందినుంచి జారిపోతుంది. కానీ బరువు మిగులుతుంది. అమ్మకం బరువు మీద. నూరు సెంట్లయితే ఒక క్యారెట్. తొంభై తొమ్మిది సెంట్ల రాయికీ నూరు సెంట్ల రాయికీ కంటితో తేడా చెప్పగలవాడు ఇంకా పుట్టలేదు, ధరలో మాత్రం నేలకీ మేడకీ ఉన్నంత తేడా. ఆ గీత దాటించడానికి సేఠ్‌లు దేవుళ్ళకి మొక్కుకుంటారు. మా నాన్జీభాయ్ సేఠ్ మొక్కుకోలేదు, ఓధవ్‌జీ కాకాని పనిలో పెట్టుకున్నాడు.

ఇంకొకడి చేతిలో తొంభై ఏడుకి దిగిపోయే రాయి కాకా చేతిలో నూటొకటి దగ్గర ఆగేది. నడుము దగ్గర ఒక వెంట్రుక మందం, అడుగులో ఒక వెంట్రుక లోతు, అలా ఎక్కడెక్కడో దాచేవాడు. రాయి మరీ చచ్చిపోకుండా, కట్ కింద ‘గుడ్’ అని సర్టిఫికెట్ వచ్చేటంత మాత్రం వెలుగు ఉంచేవాడు. ఏటా దీపావళికి సేఠ్ అందరిముందూ ఆయన్ని పిలిచి ఒక స్టీలు బిందో డబ్బానో చేతిలో పెట్టేవాడు. ఆ డబ్బాల మీద కార్ఖానా పేరు చెక్కి ఉండేది. కాకా ఇంట్లో వంటగది గోడ పొడవునా మూడు వరసల్లో అవే. ఆయన భార్య సమ్జూ కాకీ సజ్జపిండి ఒకదాంట్లో, పప్పు ఒకదాంట్లో పోసుకునేది. ఆ ఇంట్లో నేను ఎన్నిసార్లు తిన్నానో లెక్కలేదు.

కాకీ గురించి ఒక మాట చెప్పాలి. ఆవిడ వజ్రాలు చేసేవాడి పెళ్ళాం అయ్యీ, ఆయన చేసిన ఒక్క వజ్రాన్నీ చూసి ఎరగదు. సాయంత్రమయ్యేసరికి ఏ రాయి ఆ రాయి పొట్లంలోకి, పొట్లాలు సేఠ్ గారి బీరువాలోకి పోతాయి. చొక్కా దులుపుకుని ఇంటికి వెళ్ళడమే మా పని. పెళ్ళయి సూరత్ వచ్చిన కొత్తలో, “అసలు పగలంతా మీరు చేసేదేంటి?” అని అడిగిందట. కాకా పటికబెల్లం ముక్క ఒకటి తీసి, ఇదిగో ఇది తల, ఇది నడుము, ఇది అడుగు అని చూపించాడట. ఆవిడ శ్రద్ధగా చూసి, ఆ ముక్కని నోట్లో వేసుకుందట.

“తియ్యగానే ఉంది మీ పని,” అందట.

ఇది కాకా నాకు ఏడాదికి నాలుగుసార్లు చెప్పేవాడు. ప్రతిసారీ చివర, “ఎప్పటికైనా నా చేతిది ఒకటి దానికి చూపించాలిరా,” అనేవాడు. ఏళ్ళు గడిచిపోయాయి. కొడుకు చదువూ పెళ్ళీ అయ్యాయి, మధ్యలో మార్కెట్ పడిపోయి కార్ఖానాలు మూతపడ్డ ఏడు కాకీ గాజులు కూడా అమ్ముకున్నారు. ఎప్పటికైనా అన్నది ఎప్పటికీ రాలేదు.

నోట్ల రద్దుకి ముందు ఏడు శ్రావణంలో కాకా ఎడమ బొటనవేలు మొద్దుబారిపోయింది. రాయి పట్టుకుంటే వేడో చల్లనో తెలియడం లేదన్నాడు. దీపావళికి పని మానేస్తానని సేఠ్‌తో చెప్పేశాడు. ఆ సాయంత్రమే నా స్కూటర్ వెనక ఎక్కి, “మినీ బజార్ పోనీ. మీ కాకీకి ఉంగరం కొందాం,” అన్నాడు. దాచుకున్నదంతా గుడ్డసంచిలో పెట్టుకుని వచ్చాడు.

వజ్రాల బేరాలు జరిగే ఆ మినీ బజార్‌లో చంపక్‌భాయ్ అని దలాల్ ఉన్నాడు. మాకు పాతికేళ్ళ పరిచయం. కాకా ఉంగరానికి రాయి కొనడానికి వచ్చాడంటే ముందు నమ్మలేదు.

“మీరు కొనడమేంటి కాకా? చేప నీళ్ళు కొనుక్కున్నట్టు,” అన్నాడు.

“నీళ్ళు పట్టుకెళ్ళనివ్వరు కదయ్యా. చూపించు.”

చంపక్‌భాయ్ రెండు పొట్లాలు విప్పి తెల్లకాగితం మీద పెట్టాడు. “రెండూ ఒకటే రంగు, ఒకటే శుభ్రం. ఇది తొంభై సెంట్లు, కట్ ఎక్సలెంట్. ఇది నూటొకటి, కట్ గుడ్. దీనికి అరవై వేలు ఎక్కువ. మీకు నేను చెప్పేదేముంది.”

కాకా ముందు తొంభైది పట్టకారుతో తీసుకున్నాడు. బోర్లించాడు, పక్కనుంచి చూశాడు, కంటి అద్దం పెట్టి అడుగు చూశాడు. పక్కింటివాళ్ళ బుద్ధిమంతుడైన పిల్లాణ్ణి చూసినట్టు చూసి పక్కన పెట్టేశాడు. తర్వాత నూటొకటి తీశాడు. మొహం వెలిగిపోయింది.

“ఒరే లాల్జీ, ఇటు రా. అడుగులో ఎంత దాచాడో చూడు. నడుము చూడు, ఎంత మందంగా వదిలాడో. నిజానికిది తొంభై దాటాల్సిన రాయి కాదు. ఎవడో గానీ మొనగాడు.”

నేనూ అద్దం పెట్టి చూశాను. నిజంగానే మొనగాడు. “మీ చెయ్యేమో కాకా,” అన్నాను.

“నాది కాదు. నేనైతే ఇంకో సెంటు మిగిల్చేవాణ్ణి,” అన్నాడు.

ముగ్గురం నవ్వుకున్నాం. ఆ గదిలో ముగ్గురి అనుభవం కలిపితే తొంభై ఏళ్ళు. ఒక్కడికీ ఆ రాయిని రెండువేళ్ళ సందున పెట్టుకుని, చెయ్యి చాచి, పెట్టుకునే మనిషి చూసినట్టు చూడాలని తోచలేదు. మేం రాయిని ఎప్పుడూ బోర్లించే చూస్తాం. కాకా క్యారెట్ దాటిన రాయినే కొన్నాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి అంటారే, అలాంటిది. తిలాపాపం తలా పిడికెడు, అందులో నా పిడికెడు నాకు గుర్తుంది.

ఉంగరం తయారై వచ్చిన రోజు నన్ను భోజనానికి పిలిచాడు. సజ్జరొట్టెలు, కాల్చిన వంకాయ కూర, మజ్జిగ. కాకీ చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. కాకా ఏమీ చెప్పకుండా డబ్బీ ఆవిడ ముందు పెట్టి, మజ్జిగ తాగుతున్నట్టు నటించాడు. కాకీ ఉంగరం తీసి వేలికి పెట్టుకుంది. సరిగ్గా సరిపోయింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. చెయ్యి చాచి చూసుకుంది. ముందుకీ వెనక్కీ ఊపింది.

“మధ్యలో నల్లగా ఉందేంటి?” అంది.

కాకా గ్లాసు దించాడు. నేను గబుక్కున అందుకున్నాను. “నీడ కాకీ. మీ తల నీడ.”

“నేను పక్కకి జరిగినా నలుపు జరగడం లేదే లాల్జీ. అంచుల్లో మెరుస్తోంది గానీ నడిమధ్యన బొట్టు పెట్టినట్టు ఉంది.” ఆవిడ మళ్ళీ ఒకసారి తిప్పి చూసుకుని కాకావైపు తిరిగింది. “వింటున్నారా, ఇన్నేళ్ళూ మీరు చేసింది ఇలాంటివేనా?”

ఎత్తిపొడుపు కాదు. తెలుసుకుందామనే అడిగింది. అదే ప్రాణం మీదికి వచ్చింది. ఎగతాళి అయితే కాకా ఏదో ఒకటి అనేసేవాడు.

“ఆఁ. ఇలాంటివే,” అన్నాడు.

“పోన్లెండి. బాగానే ఉంది,” అంది కాకీ. రెండో రొట్టె కొట్టడానికి ఉంగరం తీసి ఒక స్టీలు డబ్బా మూత మీద పెట్టింది. భోజనాలయ్యాయి, అంట్లు తోమడం అయింది. ఉంగరం ఆ మూత మీదే ఉంది. నేను ఇంటికి బయల్దేరుతుంటే కాకా గుమ్మందాకా కూడా రాలేదు.

మర్నాడు పది గంటల టీకి శనగపిండి గాఠియా పొట్లం విప్పితే కాకా చెయ్యి పెట్టలేదు. పచ్చిమిరపకాయ లేకపోతే అలిగే మనిషి, పచ్చిమిరపకాయ చూపించినా కదల్లేదు. నేను అప్పటికే చంపక్‌భాయ్‌కి ఫోన్ చేసి ఉన్నాను.

“కాకా, మార్చి ఇస్తానన్నాడు. ఆ తొంభైది ఇంకా అక్కడే ఉందట. సాయంత్రం పోదాం.”

“అది వద్దు.”

“ఎక్సలెంట్ కట్ కాకా. మధ్యలో నలుపు ఉండదు.”

“ఉండదు. కానీ అది ఎవరో చేసింది. మీ కాకీ అడిగింది మీరు చేసింది ఇదేనా అని. ఇంకొకడు చేసింది తెచ్చి చూపించి ఏం చెప్పను?”

“ఇదీ ఎవరో చేసిందే కదా.”

“అందుకే అడుగు తీసేసి మళ్ళీ చేస్తా.”

నేను టీ సాసరు కింద పెట్టేశాను. అడుగు సరైన వాలుకి తేవాలంటే, నడుము పలచన చెయ్యాలంటే ఎంత పోతుందో నాకూ తెలుసు. అయినా అడిగాను. “ఎంత పోతుంది?”

“ఎనిమిదో తొమ్మిదో.”

“అంటే క్యారెట్ కిందికి దిగిపోతుంది. ఒక్క పూటలో అరవై వేలు చక్రం మీద పొడి. ముప్పై ఆరేళ్ళు ఊళ్ళోవాళ్ళ రాళ్ళకి సెంటు సెంటు కాపాడి, సొంత రాయికి తొమ్మిది తగలేస్తారా? వరాఛా రోడ్డంతా నవ్వుతుంది.”

“నవ్వనీ. ఆవిడ నవ్వినా బాగుండేది. పోన్లెండి అంది.”

ఆ మాట తర్వాత నేను డబ్బు సంగతి ఎత్తలేదు. కానీ రాయిలో ఇంకో చిక్కు ఉంది. నడుము పక్కనే సన్నటి పగులు ఒకటి, సర్టిఫికెట్‌లో కూడా ఎర్రగీతతో గీసి ఉంది. చక్రం మీద రాయి వేడెక్కితే ఆ పగులు పాకుతుంది. పాకిందంటే రెండు ముక్కలు. వేడి కనిపెట్టాల్సింది పట్టుకున్న వేలు. కాకా వేలికి వేడి తెలియదు. దాచుకున్నదంతా ఆ రాయిలో ఉంది, దీపావళి తర్వాత ఆయన చక్రం ముట్టడు.

“నేను చేస్తా కాకా. మీరు పక్కన కూర్చుని చెప్పండి,” అన్నాను.

“నువ్వు తలవాడివి. నీ పని నువ్వు చూసుకో,” అన్నాడు. నాకు కోపం వచ్చింది. అప్పుడే వచ్చింది, ఇప్పుడు చెబుతుంటే కూడా కొంచెం వస్తోంది.

నాన్జీభాయ్ సేఠ్‌ని అడగడం ఇంకో ప్రహసనం. సొంత రాయి కార్ఖానా చక్రం మీద పెట్టడం మా దగ్గర కుదరదు. సేఠ్ సంగతంతా విని కాకాని తేరిపార చూశాడు.

“ఒంట్లో బాగుందా కాకా? జ్వరమేమైనా వచ్చిందా?”

“బాగానే ఉంది సేఠ్.”

“నూటొకటిని తొంభై రెండు చేస్తారా? మీరు? నా రాయికి ఎవడైనా ఈ పని చేస్తే వాణ్ణి మెడపట్టి గడప దాటించేవాణ్ణి.”

“మీ రాయి కాదుగా సేఠ్. మా ఆవిడది.”

సేఠ్ చాలాసేపు బల్ల మీద వేళ్ళతో తాళం వేశాడు. “ఆదివారం చేసుకోండి, ఎవరూ లేనప్పుడు. కుర్రాళ్ళు చూశారంటే ఇదే నేర్చుకుంటారు, నా కొంప మునుగుతుంది.”

దీపావళికి పది రోజుల ముందు ఆదివారం ఉదయం కార్ఖానా తాళం నేనే తీశాను. అరవై ఘంటీలు ఆగి ఉంటే ఆ హాలు నాకు వేరే ఊరిలా అనిపించింది. కాకా స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఎప్పటిలాగే చక్రానికి దణ్ణం పెట్టాడు. ఉంగరంలోంచి విప్పించి తెచ్చిన రాయిని పట్టులో, అంటే చక్రానికి ఆనించే పిడిలో, బిగించాడు. చక్రం తిరగడం మొదలుపెట్టింది. ఒక్క క్షణం ఆనించాడు, ఎత్తాడు, అద్దంలో చూశాడు. మళ్ళీ ఒక్క క్షణం. అలా అడుగున మూడు పలకలు తేలేసరికి గంటన్నర పట్టింది. మామూలుగా అంతసేపట్లో ఆయన ఆరు రాళ్ళు పూర్తిచేస్తాడు.

ఈలోపు చెప్పుల చప్పుడు. సేఠ్ లుంగీ మీదే వచ్చేశాడు. ఊరికే, గాలికి వచ్చానన్నాడు. నా పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కాకా రాయి ఆనించినప్పుడల్లా ఆయన పన్ను లాగినట్టు మొహం పెట్టేవాడు.

“పోతోంది, పోతోంది,” అని గొణిగాడు ఒకసారి.

“సేఠ్, మీరు టీ తాగి రండి,” అన్నాడు కాకా.

అయిదో పలక పగులు పక్కనే. అక్కడికి వచ్చేసరికి కాకా చక్రం ఆపించాడు. రాయి చల్లారేదాకా కూర్చున్నాడు. మళ్ళీ మొదలుపెట్టి, ఒక్కసారి ఆనించి తీసి, రాయిని కింది పెదవికి తాకించాడు. వేలికి తెలియని వేడి పెదవికి తెలుస్తుందని అప్పుడు నాకు అర్థమైంది. ఆనించడం, పెదవికి తాకించడం, ఆగడం. పెదవి ఎర్రబడిపోయింది. నేను పగులు వైపే చూస్తున్నాను. సేఠ్ నా మోకాలు పట్టుకుని ఉన్నాడు, ఆ సంగతి ఆయనకి తెలియదనుకుంటాను. పగులు పాకలేదు. పైగా పలక సాగినకొద్దీ దాని మొదలు కొంచెం అరిగిపోయింది కూడా. ఆ పలక పూర్తయ్యాక కాకా చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది.

మధ్యాహ్నం మూడింటికి పట్టు విప్పాడు. సేఠే తూకంలో వేశాడు. అంకెలు కాసేపు ఊగి ఆగాయి.

“తొంభై రెండు,” అన్నాడు సేఠ్, పోయినవాళ్ళ పేరు చదివినట్టు. తర్వాత అలవాటుకొద్దీ వెడల్పు కొలిచాడు. రెండోసారి కొలిచాడు. “ఇదేంటి, వెడల్పు అంతే ఉంది. వెంట్రుకంత కూడా తగ్గలేదు.”

“తగ్గదు సేఠ్. పోయిందంతా కిందినుంచే. పైనుంచి చూసేవాళ్ళకి అది ఎప్పుడూ కనబడలేదు,” అన్నాడు కాకా.

రాయిని శుభ్రం చేసి నా అరచేతిలో పెట్టాడు. బోర్లించలేదు. తల పైకి పెట్టి ఇచ్చాడు. “తల చూడు లాల్జీ. ఎక్కడైనా సరిచెయ్యాలా?” పందొమ్మిదేళ్ళలో ఆయన నన్ను నా పని గురించి అడగడం అదే మొదటిసారి. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చెయ్యి చాచి చూశాను. నలుపు లేదు. నడిమధ్యదాకా వెలుగే, కదిపితే అది కదులుతోంది.

“ముట్టుకోను కాకా. ఇలాగే ఉండనీండి,” అన్నాను.

సేఠ్ కూడా వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. “ఇలాంటి చెయ్యి పెట్టుకుని ఇన్నేళ్ళూ నాకు ఒక్కటీ ఇలా చేసివ్వలేదేం కాకా?”

“మీరు ఎప్పుడూ బరువే అడిగారు సేఠ్.”

సేఠ్ చెప్పులు వేసుకుని, మా ముగ్గురికీ టీ తనే చెప్పి వస్తానని మెట్లు దిగిపోయాడు.

ఉంగరం మళ్ళీ తయారయ్యేసరికి ధనత్రయోదశి వచ్చింది. ఈసారి కాకా నన్ను పిలవలేదు, నేనే వెళ్ళాను. వెళ్ళేసరికి కాకీ పొయ్యి దగ్గర రొట్టెలు కొడుతోంది. డబ్బీ గట్టు మీద విప్పకుండా ఉంది. కాకా దానివైపు చూడడు, ఆవిడ దాన్ని చూసి కూడా ఏమీ అడగదు. నాకు ఒళ్ళు మండింది.

“తియ్యండి కాకీ. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఇలాగే కూర్చుంటే పండగ అయిపోతుంది,” అన్నాను.

ఆవిడ చేతులు కడుక్కుని ఉంగరం పెట్టుకుంది. కిటికీ దగ్గరికి వెళ్ళింది. చెయ్యి చాచింది. ఊపింది. కాకా తలుపు చెక్క మీద గోటితో గీస్తున్నాడు. పొయ్యి మీద రొట్టె మాడుతున్న వాసన వచ్చి నేనే తిరగేశాను.

“నలుపు పోయింది,” అంది చివరికి. “ఇది మీరు చేసిందా?”

“అడుగు నాది. నలుపు పోవాలని తొమ్మిది సెంట్లు తీసేశా. నూటొకటి కాస్తా తొంభై రెండయింది.”

“దీన్నిండా దీపాలు పెట్టినట్టుంది.” ఆవిడ చెయ్యి దించి గోడవైపు చూసింది. మూడు వరసల స్టీలు డబ్బాలు. “మరి అవన్నీ?”

“అవి వేరే లెక్క,” అన్నాడు కాకా.

కాకీ వచ్చి పిండి ముద్ద చేతిలోకి తీసుకుంది. ఉంగరం వేలికే ఉంది.

“పిండి పడుతుంది. తీసెయ్,” అన్నాడు కాకా.

“పడనీండి. కడిగితే పోతుంది.”

రొట్టె కొడుతుంటే ఆ పిండిలోంచి అది ఒక్కొక్కసారి తళుక్కుమంటోంది. అప్పుడే పక్కింటి హంస పండగ మిఠాయి పళ్ళెంతో లోపలికి వచ్చింది. మా వరాఛాలో ఆడవాళ్ళు ఉంగరం చూస్తే బాగుందనరు, బరువెంత అంటారు. హంస కళ్ళు సూటిగా కాకీ వేలి మీదికే వెళ్ళాయి.

“వజన్ కాకా ఇంట్లో వజ్రమా. చూడనీ కాకీ. ఎంతుంటుంది? క్యారెట్ దాటిందా?”

కాకా తల వంచుకున్నాడు. క్యారెట్ దాటలేదని ఆ ఇంట్లో చెప్పాల్సి రావడం నాకే నామోషీగా అనిపించింది. దాటిందని చెప్పెయ్యండి కాకీ, ఎవరు తూచొచ్చారు అని మనసులో అనుకుంటున్నాను.

కాకీ రొట్టెని పెనం మీద వేసి, అంచులు వేళ్ళతో సర్ది, అప్పుడు తిరిగింది. పిండి చెయ్యి పైకెత్తి చూపించింది.

“తొంభై రెండు,” అంది. “నూటొకటి ఉండేదిలే. తొమ్మిది సెంట్లు ఈయనే తీసేశారు. నాకోసం.”

వరాఛా రోడ్డులో నేను పుట్టి పెరిగాను. ఉంగరం బరువు తగ్గిందని గొప్పగా చెప్పుకున్న ఆడమనిషిని అంతకుముందు చూడలేదు. హంస మిఠాయి పళ్ళెం కింద పెట్టింది. కాకా గబగబా లేచి, నీళ్ళ బిందె దగ్గరికి వెళ్ళి, మాకు వీపు పెట్టి నిలబడి, దాహం లేకుండానే రెండు గ్లాసులు తాగాడు.